ఊదారంగు యాభై ఎనిమిది

ఎడమ మణికట్టుకు పట్టీ బిగించుకుని, తలుపు పక్కన గోడకున్న పెట్టె మీద బొటనవేలు ఆనించింది సూలాన్. పచ్చదీపం వెలిగింది. ఒంటిమీది కరెంటు ఆ పట్టీ తీగ వెంబడి నేలలోకి దిగిపోతోందని దాని అర్థం. దీపం వెలగకపోతే లైన్ దగ్గరికి రానివ్వరు. మనిషి ఒంటిమీది చిటికెడు కరెంటు చాలు, మదర్‌బోర్డు మీది చిప్పు ప్రాణం తీయడానికి. ఇరవయ్యారేళ్లుగా పొద్దున్న ఏడుకి పది నిమిషాల ముందు ఆమె ఈ పెట్టెకు వేలు అప్పగిస్తూనే ఉంది. ఇవాళ ఆఖరిసారి. పెట్టెకు ఆ సంగతి తెలియదు కాబట్టి ఎప్పటిలాగే వెలిగింది.

సూలాన్‌కి అరవై ఒకటి నిండాయి. పొట్టి మనిషి. నీలం కోటు మోకాళ్ల దాకా వస్తుంది. జుట్టంతా టోపీలోకి దోపేస్తే మొహం ఉన్నదానికన్నా గుండ్రంగా కనబడుతుంది. భూతద్దం బిగించిన దీపం మీదికి వంగీ వంగీ ఎడమ భుజం కాస్త కిందికి జారింది. కళ్ల కొసలు ఎప్పుడూ ఎర్రగా ఉంటాయి. చేతులు మాత్రం ముప్పై ఏళ్ల మనిషివి; రోజంతా రబ్బరు తొడుగుల్లో ఉన్న వేళ్లకు ఎండా వానా ఏం తెలుస్తాయి?

పదహారో ఏట బట్టల మిల్లులో చేరింది. మా తావ్‌యువాన్‌లో అప్పట్లో వీధికో మిల్లుండేది. అవన్నీ ఒకదాని వెనక ఒకటి మూతపడ్డాక, ఈ మదర్‌బోర్డుల ఫ్యాక్టరీకి వచ్చింది. మొదట్లో బోర్డుకు రెండు చేతులా ముక్కలు గుచ్చే పని. తర్వాత చివరి చూపు చూసే పని. బోర్డు తన ముందుకొచ్చి ఆగుతుంది. గుండ్రటి దీపం మధ్యనున్న భూతద్దంలోంచి పై ఎడమ మూల మొదలుపెట్టి, పాము పాకినట్టు వంకరగా కింది కుడి మూలదాకా చూడాలి. అతుకులు సరిగ్గా ఉన్నాయా, ప్రాసెసర్ కూర్చునే గూట్లో ముళ్లు వంగాయా, అచ్చువేసిన అక్షరాలు చెరిగాయా అని కళ్లలో వత్తులు వేసుకుని చూడాలి. అన్నీ బాగుంటే మూలన ఊదారంగు ముద్ర కొట్టాలి. వేలిగోరంత గుండ్రటి ముద్ర, మధ్యలో 58 అనే అంకె. అంతే పని. ఆరేళ్ల కిందట ఇదే పనికి కెమెరా యంత్రం వచ్చింది. అది చాదస్తపు అత్తగారిలా మంచి బోర్డుల్ని కూడా పక్కకు నెట్టేస్తుంటే, సర్ది చెప్పడానికి ఒక మనిషి కావాలని సూలాన్‌ని ఉంచారు.

ఆమె కూర్చునేది మూడో లైన్. తమ కంప్యూటర్ తామే బిగించుకునే జనం దుకాణంలో విడిగా కొనే బోర్డులు ఈ లైన్ మీదే తయారవుతాయి. అలాంటి జనం తగ్గిపోయారు. నెలాఖరుకి మూడో లైన్ ఆపేసి, పెద్ద పెద్ద కంపెనీల కంప్యూటర్ హాళ్లలోకి వెళ్లే బోర్డులు మొదలుపెడతారు. అక్కడ మనిషి చూపుతో పనిలేదు.

తన బల్ల దగ్గరికి వెళ్లే ముందు సూలాన్ పరీక్ష యంత్రం దగ్గర ఆగింది. దాని నెత్తిన ఆకుపచ్చ చిరుతిండి పొట్లం ఒకటి కూర్చుని ఉంది. 'బుద్ధిగా ఉండు' అనే అర్థం వచ్చే పేరు దానిది. ఈ దేశంలో యంత్రం మీద ఆ పొట్లం లేని ఫ్యాక్టరీ ఉండదు. పచ్చదే ఉండాలి, పచ్చదీపం వెలగాలి కాబట్టి. గడువు తేదీ దాటకూడదు. ఎవరూ తినకూడదు. మార్చే పూచీ సూలాన్‌ది. పాతది తీసి కొత్తది పెట్టి, తేదీ ముందుకు కనబడేలా తిప్పింది.

"నువ్వెళ్లిపోయాక దీన్ని ఎవరు చూసుకుంటారక్కా?" అంది పక్క సీటు థూయ్. వియత్నాం నుంచి పెళ్లి చేసుకుని వచ్చి తొమ్మిదేళ్లయింది. ఇద్దరు పిల్లలు.

"నువ్వే. అలవాటున్న దానివి కదా."

లైనంతా నవ్వింది. పనిలో చేరిన మొదటి వారంలోనే థూయ్ ఆకలేసి ఆ పొట్లం విప్పుకుని తినేసింది. ఆ రోజంతా యంత్రం ఒక్క బోర్డును కూడా సరిగ్గా పరీక్షించలేదు. సాయంత్రానికి లైన్ లీడర్ కూడా "అది తినేది కాదే తల్లీ!" అని నెత్తి కొట్టుకుంది. పాపం, ఆ పిల్లకు ఎవరైనా ముందు చెబితే కదా.

"తొమ్మిదేళ్లయినా మరిచిపోరే మీరు!" అంది థూయ్. "సరే గానీ, సామాను తెచ్చావా?"

"రిపేరు గదిలో పెట్టించాను."

పొద్దున్న ఆ సామానంతా స్కూటర్ మీద మోసుకొచ్చింది సూలాన్ మొగుడు చిన్‌ఫా. లారీ నడిపి నడిపి రిటైరైనవాడు. కాళ్ల మధ్య క్యాబినెట్ పెట్టె ఇరికించుకుని, గడ్డం దాని మీద ఆనించి, దారి పొడవునా సణుగుతూనే వచ్చాడు. ఫ్యాక్టరీ ఎదుట సోయాపాలు తాగడానికి ఆగినప్పుడు కూడా ఆపలేదు.

సణుగుడుకి కారణం లేకపోలేదు. ఫ్యాక్టరీ వదిలి వెళ్లేవాళ్లకు కంపెనీ ఒక బహుమతి ఇస్తుంది. కొత్త ల్యాప్‌టాప్ కావాలంటే ల్యాప్‌టాప్, లేదా ఆ రోజు లైన్ మీద నుంచి ఏరుకున్న ఒక బోర్డు. కంప్యూటర్లు బిగించుకోవడం మోజుగా ఉన్న రోజుల్లో పెట్టిన నియమం అది, తీసేయడం ఎవరికీ గుర్తు రాలేదు. పదకొండేళ్లుగా బోర్డు అడిగినవాళ్లు లేరు. సూలాన్ అడిగింది. మిగతా ముక్కలన్నీ, అంటే ప్రాసెసర్, మెమరీ, పవర్ సప్లై, క్యాబినెట్, ఆరు నెలలుగా కాళ్లకు బలపం కట్టుకుని తిరిగి ఒక్కొక్కటీ కొనుక్కుంది.

"వండి వడ్డిస్తామంటే, వద్దు బాబూ నాకు పొయ్యి ఇవ్వండి అందట వెనకటికి నీలాంటిదే," అన్నాడు చిన్‌ఫా గుడ్డు అట్టు నములుతూ.

"ఆ పొయ్యి చేసింది నేనే కదా."

"చేశావు సరే. ఎప్పుడైనా అంటించావా?"

సూలాన్ నిజంగానే అంటించలేదు. బోర్డు తన ముందుకొచ్చేటప్పుడు చచ్చిన చేపలా వస్తుంది, అలాగే పోతుంది. అది బతికితే ఎలా ఉంటుందో ఇరవయ్యారేళ్లలో ఒక్కసారి కూడా చూడలేదు. ఇంట్లో కంప్యూటర్ లేదు. ఫోన్ చాలు అనుకున్నారు.

"మూడున్నర దాకా బహుమతి కాగితం మార్చుకోవచ్చంట కదా," అన్నాడతను. "మధ్యాహ్నానికి వెలిగిందా సరే సరి. వెలక్కపోతే బుద్ధిగా ల్యాప్‌టాప్‌కి సంతకం పెట్టు. ముక్కలు తిరిగి అమ్ముకుందాం. ఐదింటికి వస్తా."

"వెలుగుతుంది."

"వెలిగితే గుడి నాటకం పెద్ద తెర మీద చూపించు. నేను నోరు మూసుకుంటా."

"అదొక్కటి చాలు, ఎంత ఖర్చయినా గిట్టినట్టే," అంది సూలాన్.

పదింటి బ్రేకుకు ముందు లైన్ లీడర్ పెయ్‌షాన్ వచ్చింది. ముప్పై అయిదేళ్ల మనిషి, చేతిలో ఎప్పుడూ అట్ట, దానికి కాగితాలు.

"అక్కా, మీ బోర్డు ఏరుకోండి. తొందరేం లేదు, మంచిది చూసుకుని తీసుకోండి."

"మంచిది కాకపోతే ముద్రెందుకు కొడతాను అమ్మాయ్? బెల్లు కొట్టేటప్పటికి నా ముందు ఏది ఉంటే అదే."

బెల్లు కొట్టింది. ముందున్న దాన్ని ఎప్పటికన్నా ఎక్కువసేపు కాకుండా, తక్కువసేపు కాకుండా చూసి, ముద్ర కొట్టి, పక్కన పెట్టుకుంది.

ఈ కోరిక ఆమెకు ఎక్కడ పుట్టిందో చెప్పాలి. రెండేళ్ల కిందటి మాట. లైన్ వెనక అద్దాల గోడ అవతల రిపేరు గది. అందులో తెంగ్ మేస్త్రీ ఒక్కడే కూర్చుంటాడు. అరవై ఆరేళ్లు, రిటైరయ్యాక కంపెనీయే మళ్లీ పిలిచింది. మాట పుల్లవిరుపు, చెయ్యి వెన్నపూస. నాలుగేళ్లకోసారి తన కంప్యూటర్ తానే కొత్తగా బిగించుకునే పాతకాలపు పిచ్చివాడు. ఒకరోజు సూలాన్‌ని పిలిచి, పాడై తిరిగొచ్చిన బోర్డొకటి చూపించాడు. మూలన వెలిసిన ఊదారంగు 58 ఉంది. దాంతోపాటు హువాలియెన్ నుంచి ఒక పోస్టాఫీసు గుమాస్తా రాసిన చీటీ ఉంది. మేస్త్రీ దాన్ని చదివి వినిపించాడు.

"పదమూడేళ్ల కిందట నేనే బిగించుకున్నాను. బ్యాటరీ పట్టుకునే రేకు విరిగింది. కొత్తది కొనుక్కోమని మాత్రం చెప్పకండి. ఏడాదికి రెండుసార్లు దుమ్ము దులపడానికి మూత తీస్తాను. తీసినప్పుడల్లా మూలన ఈ 58 కనబడుతుంది. ఎవరో తెలియదు. 'తిన్నారా?' అని అడిగి మూత పెట్టేస్తాను."

సూలాన్ ఆ చీటీని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. మిల్లులో నేసిన బట్ట ఎవరు కట్టుకున్నారో తెలియదు. ఇక్కడ చూసిన బోర్డు ఎవరింట్లో ఉందో తెలియదు. తనని ఎవరైనా తలుచుకుంటారన్న ఆలోచన కూడా ఎప్పుడూ రాలేదు. అలాంటిది, కొండల అవతల సముద్రం ఒడ్డున ఒక మనిషి పదమూడేళ్లుగా ఏడాదికి రెండుసార్లు తనని తిన్నావా అని అడుగుతున్నాడు. ఆ రోజు ఇంటికెళ్లి అన్నం ముందు కూర్చుంటే ఆమెకు ఏడుపొచ్చింది. చిన్‌ఫా కంగారుపడి, కూరలో కారం ఎక్కువైందా అని అడిగాడు.

"ఈరోజుల్లో ఎవరైనా బిగించుకుంటారా మేస్త్రీ?" అని మర్నాడు అడిగింది.

"బుద్ధున్నవాడెవడూ బిగించుకోడు," అన్నాడు తెంగ్. "మెమరీ ధర చూస్తే కళ్లు తిరుగుతాయి. తయారుగా దొరికేదే చవక. పాడైతే వాడే బాగుచేసిస్తాడు."

"మరి మీరెందుకు?"

"ఆదివారం రొయ్యల కొలనుకు వెళ్తాడు కదా మీ ఆయన. గంటకింత అని డబ్బు కట్టి, సిమెంటు తొట్టిలో గాలం వేసి, నాలుగు రొయ్యలు పట్టుకొస్తాడు. బజార్లో అదే డబ్బుకు కిలో వస్తాయి. వెళ్లొద్దని చెప్పు, వింటాడేమో."

మళ్లీ తనే అన్నాడు. "తయారుగా కొన్నదాని మూత ఎవడూ తీయడు సూలాన్. తీస్తే గ్యారంటీ పోతుంది. మూత తీసేవాడికే నీ ముద్ర కనబడేది."

ఆ మాట ఆమె మనసులో పడిపోయింది.

మధ్యాహ్నం బెల్లు కొట్టగానే అన్నం డబ్బా ముట్టకుండా రిపేరు గదికి పరుగెత్తింది. వెనకాలే థూయ్, ఇంకో నలుగురు డబ్బాలు పట్టుకుని వచ్చి అద్దాల గోడకు ఆనుకుని నిలబడ్డారు. ఉచితంగా వచ్చే వినోదం ఎవరు వదులుకుంటారు? తెంగ్ మేస్త్రీ బల్లలో సగం ఖాళీ చేసి ఇచ్చి, తాను అటు తిరిగి పంది పక్కటెముకల కూర తినడం మొదలుపెట్టాడు.

సూలాన్ పట్టీ తీగను బల్ల కింది రేకుకు తగిలించుకుంది. ప్రాసెసర్ పెట్టె తెరిచి, దాన్ని అంచులు మాత్రమే తాకేలా పట్టుకుని, మూలనున్న చిన్న గుర్తు చూసి గూట్లో దించింది. దానంతటదే దిగింది. వేలితో నొక్కాల్సిన పనే రాలేదు. ఆ గూటి ముళ్లను అన్నేళ్లుగా చూస్తోంది. వాటిమీద ఏదైనా కూర్చోవడం చూడటం ఇదే మొదలు. పుట్టింటి నుంచి అత్తారింటికి వెళ్లిన పిల్లను చూసినట్టు ఒక్క క్షణం చూసి, దాన్ని బిగించే కమ్మీ వేసింది. మెమరీ కడ్డీలు రెండు వైపులా టిక్కుమని కూర్చున్నాయి. చల్లబరిచే ఫ్యాను నాలుగు మరలూ ఒకేసారి బిగించకుండా, ఎదురెదురు మూలలు కొంచెం కొంచెంగా తిప్పింది. ఎవరూ నేర్పలేదు. ముప్పావు జీవితం యంత్రాల పక్కన గడిపిన చేతులకు అది తెలుసు.

"చూడండే, పిండివంటలు చేస్తున్నట్టుంది," అంది అద్దం అవతల ఎవరో.

బోర్డును క్యాబినెట్‌లో కూర్చోబెట్టింది. పవర్ సప్లై లావుపాటి తీగలు ఎక్కడివి అక్కడ గుచ్చింది. అవి ఒక్క చోటే పడతాయి కాబట్టి ఇబ్బంది లేదు. క్యాబినెట్ ముందు భాగం నుంచి సన్నటి తీగలు కొన్ని వేలాడుతూ కనిపించాయి. కొసలకు చీమ తలంత నల్లటి ముక్కలున్నాయి. వేలాడే తీగ అంటే లైన్‌లో మహాపాపం. మొదటిరోజు నుంచి నేర్పే పాఠం అది. ఆమె చేతులు ఆలోచించలేదు. వాటన్నిటినీ శుభ్రంగా చుట్టచుట్టి, ప్లాస్టిక్ పట్టీతో కట్టి, ఒక మూలకు దోపేశాయి.

మేస్త్రీ బల్ల మీది తెర తీగను తగిలించింది. ప్లగ్గు గుచ్చింది. బోర్డు మీద ఒక మూల చిన్న నారింజ దీపం వెలిగింది. అద్దం అవతల చప్పట్లు కొట్టారు.

"ఇల్లలకగానే పండగ కాదు," అన్నాడు మేస్త్రీ ఇటు తిరక్కుండానే.

సూలాన్ క్యాబినెట్ ముందున్న గుండ్రటి బటన్ నొక్కింది. ఏమీ కాలేదు. మళ్లీ నొక్కింది. నొక్కి పట్టుకుంది. ఫ్యాను కదల్లేదు, తెర నల్లగానే ఉంది. నారింజ దీపం మాత్రం అమాయకంగా వెలుగుతోంది.

"అక్కా, పచ్చ పొట్లం పెట్టలేదు కదా, అందుకే," అంది థూయ్.

"పొట్లం కాదు, ల్యాప్‌టాప్ పెట్టుకోవాల్సింది," అంది ఇంకొకామె. అందరూ నవ్వారు. ఆ నవ్వులో చెడ్డతనం లేదు కానీ సూలాన్ చెవులు వేడెక్కాయి. ప్లగ్గు తీసింది, పెట్టింది. మెమరీ ఊడదీసి మళ్లీ గుచ్చింది. బెల్లు కొట్టింది. అన్నం డబ్బా మూత కూడా తీయలేదు.

"మేస్త్రీ, బోర్డు పోయిందంటారా?" అని మెల్లగా అడిగింది.

"ముద్ర ఎవరిది?" అన్నాడాయన.

ఆ మధ్యాహ్నం ఒక్కో బోర్డు ఒక్కో ఏడాదిలా గడిచింది. కంప్యూటర్ వెలగకపోతే పోయింది, చిన్‌ఫా నెలరోజులు ఎగతాళి చేసి ఊరుకుంటాడు. ఆమె భయం అది కాదు. బోర్డే చెడ్డదైతే? తన కళ్ల ముందు నుంచి, తన ముద్రతో వెళ్లిన బోర్డు చచ్చినదైతే, ఇలాంటివి ఇంకెన్ని పంపించిందో? హువాలియెన్ గుమాస్తా లాంటివాళ్లు ఎంతమంది ఇంట్లో కూర్చుని, బటన్ నొక్కి నొక్కి, 58 అనే అంకెను తిట్టుకున్నారో? అది తెలుసుకోకుండా ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని ఇంటికెలా వెళ్లడం? ఇరవయ్యారేళ్లలో మొదటిసారి ఆమె ముందు రెండు బోర్డులు కలిసి ఆగిపోయాయి. థూయ్ ఒకదాన్ని తనవైపు లాక్కుంది.

మూడింటికి అయిదు నిమిషాలుండగా పెయ్‌షాన్ కాగితం తెచ్చింది. మేస్త్రీ గదిలో జరిగింది ఆమెదాకా పోయినట్టుంది.

"అక్కా, ఏమీ అనుకోకండి. మూడున్నరకి ఆఫీసువాళ్లు ఈ ఫారం మూసేస్తారు. ల్యాప్‌టాప్ అని టిక్కు పెట్టేస్తే, నేనే వెళ్లి ఇచ్చేస్తాను. మీరు బాధపడుతుంటే చూడలేకపోతున్నాను."

సూలాన్ కలం తీసుకుంది. గడి మీద కలం కొస ఆనించింది కూడా. తర్వాత తీసేసింది.

"బ్రేకు పది నిమిషాలూ ఇవ్వు అమ్మాయ్. ఆ తర్వాత నువ్వెక్కడ పెట్టమంటే అక్కడ పెడతాను."

మూడు కొట్టింది. ఈసారి చూడటానికి థూయ్ ఒక్కతే వచ్చింది. తెంగ్ మేస్త్రీ టీ గ్లాసు పట్టుకుని గోడకు ఆనుకుని ఉన్నాడు.

"పొద్దున్నుంచి నువ్వు దాన్ని నీదనుకుని చూస్తున్నావు," అన్నాడు. "నీది కాదనుకో. ఎవడో పరాయివాడు బిగించాడు, నీ బల్ల మీదికొచ్చింది. ఎప్పుడూ చూసేట్టు చూడు."

అద్దపు దీపాన్ని ఆమె వైపు తోశాడు.

సూలాన్ వంగింది. పై ఎడమ మూల. అక్కడి నుంచి కుడికి, కాస్త కిందికి, మళ్లీ ఎడమకు. ప్రాసెసర్ గూడు బాగుంది. మెమరీ బాగుంది. లావు తీగలు బాగున్నాయి. ఫ్యాను తీగ బాగుంది. కిందికి, కిందికి, చివరి కుడి మూలకు వచ్చింది. ఊదారంగు 58. దాని పైన పదికి ఒకటి తక్కువగా, రెండు వరసల సన్నటి ముళ్లు. ఖాళీగా ఉన్నాయి. బాగున్నాయి. తన బల్ల మీద అవి ఎప్పుడూ ఖాళీగానే ఉంటాయి.

చూపు దాటిపోయి, మళ్లీ వెనక్కి వచ్చింది.

ఆ ముళ్ల పక్కన తెల్లటి చిన్న అక్షరాలున్నాయి. పి, డబ్ల్యూ, ఆర్. ఆ అక్షరాలను ఆమె తన పేరుకన్నా ఎక్కువసార్లు చూసి ఉంటుంది. డబ్ల్యూ కాలు విరగ్గూడదు, ఆర్ పొట్ట నిండిపోకూడదు. గోడ మీది నమూనాతో పోల్చి, సరిపోతే సరే. అచ్చు బాగుందా లేదా అన్నదే ఆమె పని. అవి ఏం చెబుతున్నాయని ఎవరూ అడగలేదు, ఆమె ఎవరినీ అడగలేదు. పరీక్ష యంత్రం దానంతటదే బోర్డును లేపుతుంది. దానికి బటన్ లేదు. మూడో లైన్ మీద పుట్టిన ఏ బోర్డుకూ అక్కడ ఎవరూ బటన్ తగిలించిన పాపాన పోలేదు.

సూలాన్ మూలకు దోపిన తీగల చుట్టను బయటికి లాగింది. కొసనున్న చీమ తల ముక్కను అద్దం కింద పెట్టింది. దాని మీద అవే తెల్లటి అక్షరాలు.

"అయ్యో నా తల్లీ," అంది గట్టిగా. "పవర్ బటన్ తీగనే కట్టేసి దాచిపెట్టాను!"

ఆమెకు పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టయింది. ప్లాస్టిక్ పట్టీ కోసి, ఆ ముక్కను ముళ్లకు గుచ్చింది. బటన్ నొక్కింది.

ఫ్యాను ఒకసారి ఉలిక్కిపడి, తిరగడం మొదలుపెట్టింది. లోపలి నుంచి సన్నటి గాలి వచ్చి ఆమె మొహానికి తగిలింది. తెర మీద తెల్లటి అక్షరాలు లేచాయి. లోపల ఇంకా ఏమీ ఎక్కించలేదు కాబట్టి అది చేయగలిగిన పనేమీ లేదు. తన మోడల్ పేరు చెప్పుకుని, తర్వాత ఏం చేయమంటావు అన్నట్టు గీత ఒకటి మిణుకు మిణుకుమంటూ నిలబడింది.

"బతికిందక్కా!" అని థూయ్ అరిచిన అరుపుకు లైన్ మీద సగంమంది లేచి చూశారు.

సూలాన్ కళ్లద్దాలు తీసి కోటుకు తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, మళ్లీ తీసి తుడుచుకుంది. తాను ఇన్నేళ్లూ పంపించినవన్నీ ఎక్కడో ఒకచోట ఇలా ఉలిక్కిపడి లేచాయన్నమాట. ఎవరింట్లోనో, ఎవరో ఇలాగే ఊపిరి బిగబట్టి బటన్ నొక్కారు. తన పని అక్కడ పూర్తయింది, ఇక్కడ కాదు. వాళ్లే పూర్తి చేశారు. వాళ్లెవరో తెలియదు. ఆ తెలియని వాళ్లందరి మీదా ఆమెకు పట్టలేనంత కృతజ్ఞత కలిగింది.

"మీరు మధ్యాహ్నమే చూశారు కదా మేస్త్రీ, ఆ తీగలు?" అంది కొంతసేపటికి.

"నువ్వు కట్టేటప్పుడే అద్దాల గోడలో చూశాను. ముడి చాలా అందంగా వేశావు."

"మరి చెప్పరేం? రెండు గంటలు నరకం చూశాను!"

"చెబితే అది నా కంప్యూటర్ అయ్యేది," అన్నాడు తెంగ్. చల్లారిన టీ తాగి మొహం చిట్లించాడు. "ఇక ఊరికే ఉండు. రేపట్నుంచి నేను చీటీలు చదివి వినిపిద్దామంటే వినే మనిషి లేదు."

ఆయన నోటి నుంచి అంతకన్నా పెద్ద మాట రాదని తెలిసి, సూలాన్ రెండు చేతులూ జోడించినట్టు పట్టుకుని తల వంచింది. ఆయన కూడా వంచాడు. మూడూ పన్నెండుకు పెయ్‌షాన్ వచ్చి, ఫారం మీద బోర్డు అన్న గడిలో టిక్కు తీసుకుని, తెర మీది మిణుకుమనే గీతను ఒకసారి చూసి నవ్వుకుంటూ వెళ్లింది. సూలాన్ బోర్డును మూత బిగించేముందు మరోసారి చూసుకుంది. మూలన తన అంకె ఉంది.

"తిన్నావా?" అని అడిగింది మెల్లగా. మధ్యాహ్నం తానే ఏమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది. థూయ్ వెళ్లి చల్లారిన అన్నం డబ్బా తెచ్చి చేతిలో పెట్టింది.

మిగిలిన గంటా ముప్పావు పని ఎప్పటిలాగే జరిగింది. అయిదింటికి రెండు నిమిషాలుండగా చివరి బోర్డు వచ్చింది. పై ఎడమ మూల నుంచి కింది కుడి మూలదాకా చూసి, ఈసారి ఆ ముళ్ల పక్కన అక్షరాలను చదివి, ముద్ర కొట్టింది. బోర్డు పెట్టెలోకి వెళ్లిపోయింది. పట్టీ తీసి కొక్కేనికి తగిలించింది. కుర్చీ మీది పాత దిండు చంకన పెట్టుకుంది. అందరూ లేచి నిలబడితే, "కూర్చోండి కూర్చోండి, లైన్ ఆగిపోతుంది," అంది. అది ఆమె వీడ్కోలు ప్రసంగం.

గేటు బయట చిన్‌ఫా స్కూటర్‌తో ఉన్నాడు. క్యాబినెట్ పెట్టెనీ, భార్య మొహాన్నీ చూసి, పెట్టెను రెండు చేతులా, పసిపిల్లను అందుకున్నట్టు జాగ్రత్తగా అందుకున్నాడు. దాని మీద థూయ్ అంటించి పంపిన పచ్చ పొట్లం ఉంది. "దీన్ని తినకు," అంది సూలాన్. "నాకు తెలీదా ఏం," అన్నాడతను. నెత్తి మీద నుంచి విమానం ఒకటి దిగుతూ పోయింది. స్కూటర్ రోడ్డు మలుపు తిరిగింది.

లోపల పెయ్‌షాన్ చిన్న కత్తి తీసుకుని సూలాన్ బల్ల దగ్గరికి వచ్చింది. వెళ్లిపోయినవాళ్ల ముద్ర ఇంకెవరూ వాడకుండా రబ్బరు మొహం కోసేయాలని రూలు. ముద్రను చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. బొటనవేలు ఆనేచోట కర్ర పిడి గుంటపడి నున్నగా ఉంది. కాసేపు నిలబడి, రేపు పొద్దున చూద్దాంలే అనుకుని, ఎక్కడ ఉన్నదాన్ని అక్కడే పెట్టి వెళ్లిపోయింది. దీపాలు ఒక్కో వరసా ఆరిపోయాయి. సిరాపెట్టె పక్కన, అద్దపు దీపం కింద, ఊదారంగు 58 ఇంకా తడిగానే ఉంది.